ఇరకం దీవికి టీవీఎస్

పొద్దున్నే నాయుడుపేటలో బయల్దేరాను.
వెనక సీటుకి కట్టిన చెక్కపెట్టెలో
సూదులు, తోలుబెల్టులు, రెండు బాబిన్ కేసులు,
మూత సరిగా పట్టని నూనెబుడ్డి.
కుట్టుమిషన్ల డాక్టరంటారు నన్ను, ఎగతాళికో ఏమో.

దొరవారిసత్రం దగ్గర
నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగిన కడప చెట్లు.
కొమ్మకో పది గూడబాతులు
గొంతుసంచులు వేలాడేసుకొని
సంతకొచ్చి బేరం కుదరని వాళ్ళలా ఉన్నాయి.
మద్రాసు లారీలు ఒట్టి గాలితోనే
నన్నూ బండినీ రోడ్డు దింపేస్తుంటే
సూళ్ళూరుపేటలో టీ తాగి, తడ వైపు పోయి
భీమునివారిపాళెం రేవులో ఆగాను.
రోడ్డు మాత్రం ఆగలేదు,
వాలుగా నీళ్ళలోకి దిగి కనపడకుండా పోయింది.

"బండి ఈడ్నే పెట్టి రా నాయనా" అన్నాడు ఏకాంబరం,
గడకి గడ్డం ఆనించి.
"పెట్టె ఎవురు మోస్తారు?" అన్నాను.
నలుగురిని కేకేసి, నా టీవీఎస్‌ని
జ్వరమొచ్చిన బిడ్డని ఎత్తినట్టు ఎత్తి
మేకపిల్లకీ బియ్యంమూటకీ మధ్య పడుకోబెట్టాడు.
ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయని
మా నాయన తిట్టినప్పుడల్లా విన్నదే.
కళ్ళారా చూడ్డం ఇదే.
బండికి రెండు రూపాయలు, మనిషికి రూపాయి,
మేకకి ఊరకే.

ఇంతాజేసి పులికాట్‌లో నీళ్ళెన్ని?
గడ సగం కూడా మునగడంలేదు.
దూరాన సముద్రపు రామచిలుకలు
ఆరేసిన చీరని ఎవరో అంచు పట్టి లాగినట్టు
ఒక్కసారిగా లేచాయి.
అందరూ రంగు చూశారు.
నాకు రెక్క చివర నలుపు కనపడింది,
పైపింగ్ వేసినట్టు, ఎక్కడా వంకర లేకుండా.

నడిమధ్యన పడవ బురదలో కూర్చుంది.
"దిగండి" అన్నాడు ఏకాంబరం,
రూపాయి అడిగిన గొంతుతోనే.
దిగాం.
ఎర్రచీర పిల్ల చెప్పులు కొంగున మూటగట్టింది.
అరమైలు, మోకాటి లోతున,
మేం పడవని తోస్తూ నడుస్తుంటే
దర్జాగా కూర్చుని వచ్చినవి
నా బండీ, మేకపిల్లా.

దీవిలో ఇసక. ఇంకేమీ లేనంత ఇసక.
పది గజాలకే చక్రం కూరుకుపోయింది.
పిల్లలు చుట్టుముట్టి తోశారు.
కూలి: తలా ఒక హారను.

చూరు కింద, గోనెపట్టా కప్పుకొని, దేశమ్మ మిషను.
విప్పితే షటిల్ సందులో చేపపొలుసు ఒకటి
తళుక్కుమంది.
"జాకెట్లు కుడితే ఇట్టా ఎందుకవుద్దమ్మా?"
"జాకెట్లు ఎవురిక్కావాల అబ్బయ్యా,
నేను కుట్టేది తెరచాపలు."
నేను మడవచేపల పులుసుతో అన్నం తింటుంటే
అక్కడే కూర్చుని, తడి ఆరని ఏకాంబరం చాపకి
చిరుగు కుట్టింది.
పాకంతా టకటకలాడింది.
తర్వాత డబ్బులు ఎంచి, రవ్వంత తక్కువైతే
ఎండురొయ్యలు కాగితంలో పొట్లం కట్టింది.

సాయంత్రానికి గాలి మా వైపు తిరిగింది.
ఎవరూ దిగక్కర్లేదు.
గడ అడ్డంగా పడుకుని నిద్రపోయింది.
జనం పొద్దుగుంకడం చూస్తున్నారు,
నేను కుట్టు చూస్తున్నాను.
రెండు మూరల పొడుగు, తెల్లదారం, గాలి పొంగించిన చోట.
నడుమ ఒక్క కుట్టు తప్పింది.
తప్పిన సందులోంచి చుక్కంత ఎండ
నా మోకాలి మీద పడి
పడవ ఊగినప్పుడల్లా ఊగుతోంది.
ఎవరికీ చెప్పలేదు.
అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను,
చేతిమీదికొచ్చింది.

రేవులో బండి స్టార్టవలేదు. ప్లగ్గులో ఉప్పు.
హైవే దాకా తోసుకుంటూ నడిచాను,
రొయ్యల వాసనకి ఒక కుక్క వెంటపడితే,
సూది పదహారా, పద్దెనిమిదా
ఏ నెంబరు వెయ్యాల్సిందా అని
పైకే గొణుక్కుంటూ.